పట్టీకి తేడా తెలిసిన రోజు

విశాఖపట్నం, 1986. కొండ మీది కాలేజీ ఫిజిక్స్ లేబులో అయస్కాంతాన్ని పసిగట్టే సన్నటి లోహపు పట్టీ మీద ఏడేళ్లుగా పరిశోధన చేస్తున్న గురునాథరావు, చేతిలో కవరుతో వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఆ మొహం చూడగానే లేబ్ అటెండరు తాతబాబు పంపు దగ్గర్నించి లేచి వచ్చాడు.

“పంపు కట్టెయ్ మావా.”

“గాలి ఇంకా పూర్తిగా లాగనేదు బాబూ. ఇప్పుడాపితే లోహం పొర సెడిపోద్ది.”

“పోనీ. ఇంక మనం పొరలు వెయ్యక్కర్లేదు.”

“అదేటి మాట? థీసిసు దిద్దినాయన ఉత్తరమేనా అది? ఏటి రాసినారు?”

“డాక్టరేటు ఇవ్వడానికి వీల్లేదన్నాడు.”

“మళ్లీ రాయమన్నారేటి?”

“రాయడానికేం లేదు. ఇది కొత్త పని కాదట. పదేళ్ల కిందటే అమెరికాలో చేసేశారట. రుజువుకి నాలుగు జెరాక్స్ కాయితాలు కూడా పెట్టాడు.”

“అబద్దం! మనం సేసినాం. అయస్కాంతం ఉత్తరం కొసొచ్చినా దక్షిణం కొసొచ్చినా మన పట్టీకి ఒకలాగే తోచీది. కంప్యూటరు డిస్కు మీద ఏటి రాసుందో పోల్చుకోనేకపోయీది. పక్కన అయస్కాంతం పొర ఏసి, దాన్ని కాసింత ఒరగెట్టింది మనవే కదా? అప్పుడు గదా, కరెంటు అటైతే ఎక్కువ, ఇటైతే తక్కువని సెప్పడం మొదలెట్టింది?”

“దాన్నే బయాసింగ్ అంటారు మావా. వాళ్లూ అలాగే ఒరగబెట్టారు.”

“అయితే ఆ నీలం అట్ట పుస్తకంలో బొమ్మ...”

“ఏ నీలం అట్ట?”

“ఏటీ నేదు. టీ తెత్తానుండండి.”

“ఆగు. నా చేతిలోవి ఒట్టి కాయితాలు. అట్ట నీలమని నీకెవరు చెప్పారు?”

“ఎవులూ సెప్పనేదు.”

“మావా.”

“...మూడేళ్లయింది బాబూ. పోస్టులో ఒచ్చింది. ఇప్పి సూద్దునా, మన పట్టీయే. పక్కన మన పొరే. నాకు ఇంగ్లీసు రాదు గానీ బొమ్మ తెలీదేటి? ఆసిడ్ సీసాల ఎనకాల పెట్టీసినాను.”

“ఎందుకు?”

“టెంపరరీవోణ్ణి. మీరు మానేత్తే ఈ గది మూసెత్తారు. యారాడలో మావోళ్లందరూ సముద్రం మీద సేపల యేటకెల్తారు. నాకు తెప్పెక్కితే కళ్లు తిరుగుతాయి బాబూ. ఇంకెక్కడికి పోను?”

“ఊఁ.”

“ఆ నెల్లోనే మీకు బేంకు ఉద్యోగం ఒచ్చింది. మీరొద్దన్నారు. మీ ఇంటావిడ కాశమ్మగారు ఆ మెట్ల మీద కూకోని ఏడిసినారు. అప్పుడైనా ఆ పుస్తకం తీసి సూపెట్టుంటే, మీరు ఎల్లిపోదురు. నాకు సెయ్యాడనేదు. మీ మూడేళ్ల బతుకు నానే తినీసినాను. ఏటోటనండి బాబూ. తిట్టండి.”

“ఆ రోజులు గుర్తున్నాయా నీకు? అప్పుడే పట్టీ మొదటిసారి తేడా చెప్పింది. రాత్రి నిద్ర కూడా పట్టలేదు నాకు.”

“గుర్తే. మీరు నా సెయ్యట్టుకుని సిన్నపిల్లోడిలాగ ఊపీసినారు. నా పాపం అది. అంత సంతోసంగున్న మనిసికి ఎలా సెప్పను?”

“పాపం నీది కాదు మావా.”

“నాదే! నా సేత్తో దాసినాను.”

“బేంకు వాళ్లకి వద్దని రాయకముందే ఆ పుస్తకం నాకు దొరికింది మావా. మొత్తం చదివి, మళ్లీ సీసాల వెనకే పెట్టేశాను.”