నూకయ్య పోసిన మూడో చుక్క

కోటబొమ్మాళి స్టేషన్ బయట తవిటమ్మ టీకొట్టు. ఆమె మొగుడు నూకయ్య ఆటో పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నాడంటే కోతలు మొదలైనట్టే. ఆ సాయంత్రం మరీ ఊపు మీదున్నాడు. మొగుడూ పెళ్లాం కలిసి రెండేళ్లపాటు పొలం గట్ల మీద నేల ఉసిరి ఏరి, పరిశోధన చేసే భారతి అనే అమ్మాయికి ఇచ్చారు. ఆమె డాక్టరేట్ పుస్తకం మొన్న పోస్టులో వచ్చింది. మొదట్లోనే, ప్రొఫెసర్ల పేర్ల కింద, వీళ్లిద్దరి పేర్లూ అచ్చయి ఉన్నాయి. అంత మర్యాద చేసిన పిల్ల పరిశోధన గురించి చిన్నగా చెప్పడానికి నూకయ్యకు మనసొప్పలేదు.

మొదట ఉన్నదే చెప్పాడు. భారతి తమిద్దరినీ ల్యాబుకు తీసుకెళ్లి మైక్రోస్కోపులో చూపించిందట. "మన ఒంట్లో కణం ఉంటాది కదా, దాన్లో డీఎన్ఏ అని దారం సుట్ట ఉంటాది. పెరాక్సైడని కణాన్ని పాడుసేసే మందు పోస్తే ఆ దారం తెగిపోయి, తోకసుక్కలాగ ఇంత తోకొచ్చీసింది. మన ఆకు రసం ముందే తాగిన కణానికైతే తోక ఇంతే, పొట్టిది. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

బెంచీ చివర కూర్చున్న ఈశ్వర్ తలెత్తి చూశాడు. ఇక నూకయ్యకు పగ్గాల్లేవు. తాను ఇంకో చుక్క పోస్తే ఉన్న తోకలు కూడా లోపలికి ముడుచుకుపోయాయట. మూడో చుక్కకి కణాలన్నీ వరసకట్టి తనకు దండం పెట్టాయట. మిగిలిన రసం తెచ్చి భావనపాడులో ఎండుచేపల మీద చల్లితే, తట్టల్లోంచి గెంతి సముద్రంలో పడ్డాయట. నరసన్నపేటలో తొంభై ఏళ్ల ముసలమ్మ ఒక్క గుక్క తాగి, పళ్లొచ్చి, చెరుకు గడ నమిలేసిందట.

"కేన్సరైతే ఆకు వాసనకే పారిపోతాది" అన్నాడు.

ఈశ్వర్ గ్లాసు కింద పెట్టాడు. "అయితే మాయమ్మని రేపు విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెల్లనులే మావా. కేన్సరుకని రేడియేషన్ కరెంటు పెట్టిన కాడ్నుంచి ముద్ద మింగలేకపోతంది. ఆ ఆకే ఇచ్చీ."

తవిటమ్మ స్టవ్ ఆపి బయటికొచ్చింది.

"ఆ కణాలు గాజు పళ్లెంలోవి బాబూ. మనిసికి పనిసేస్తాదో లేదో ఇంకా తెలీదని ఆ పిల్ల నాలుగుసార్లు సెప్పింది. దీన్ని నమ్మి ఎవులూ వైద్యం మానకూడదంది. ఈయన అప్పుడు ఏసీ గదిలో గుర్రుపెట్టి తొంగున్నాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. నూకయ్య ఈశ్వర్ పక్కకెళ్లి కూర్చుని, "సేపలూ లేవు, ముసల్దీ లేదురా. తోక పొట్టిదవడం ఒక్కటే నాను సూసింది" అన్నాడు మెల్లగా. రేపు తానూ వస్తానన్నాడు.

తెల్లారి ఈశ్వర్, అతని తల్లి, నూకయ్య ముగ్గురూ విశాఖపట్నం రైలెక్కారు. ఆసుపత్రిలో కరెంటు గది ముందు ఈశ్వర్ తల్లి నూకయ్య చెయ్యి పట్టుకుని, మనిషి తోడున్నాడు, అంతే చాలంది. ఆమె లోపలికెళ్లగానే నూకయ్య తవిటమ్మకు ఫోన్ చేశాడు.

"నిన్న నువ్వు నోరిప్పకపోతే నానేటైపోదును?" అన్నాడు.

"ఆ ఫోను పెట్టీ" అంది తవిటమ్మ. "ఆవిడ బయటికొచ్చేసరికి గుమ్మం కాడుండు."

నూకయ్య వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.