అద్దం కింది అంగుళం

1982. వరంగల్ మట్టెవాడలో చేనేత సొసైటీ ఆఫీసు. బట్టల నాణ్యం చూసే వెంకట్రాజం ముందు తువ్వాల పరిచి నిలబడింది పదో తరగతి శకుంతల. బయట వరసలో ఉన్నది నలుగురే గానీ, చెవులు మాత్రం నలభై దాకా ఉన్నాయి.

"ఇరవై రెండు! చూసినవా బిడ్డా? అంగుళానికి నలభై నాలుగు పోగులుండాలె. ఇది బట్టనా, జల్లెడనా?"

"మల్ల లెక్కవెట్టు, వెంకట్రాజం కాక."

"ఎన్నిసార్లు పెట్టినా గంతే. మీ నాయిన మొగిలికి చెప్పు, ఇది నాలుగో వాపసు. ఇగ నూలు బంద్."

"నూలు బందైతె మా మగ్గం బందైతది."

"నేనేం జేయాలె? అద్దం అబద్ధమాడ్తదా? జపాన్ భూతద్దం! పాతది పగిల్తె దసరాకు తెప్పిచ్చిన."

"పాతదానికి కిందనే అంగుళం కంత ఉండె. కంతల కనవడ్డయే లెక్కవెడ్తుంటివి. దీనికి కంత లేదు. చేతిల ఎత్తి పట్టుకొని, స్కేలు అద్దం మీద పెట్టినవ్."

"మీద పెడితె ఏమైతది?"

"అద్దంల పోగులు రెండింతలు లావు కనవడ్తానయి. అద్దం మీది స్కేలు ఎంతున్నదో అంతనే ఉన్నది. జర అద్దం పైకెత్తు. ఇప్పుడెన్ని?"

"పద్దెనిమిది."

"ఇంక ఎత్తు."

"పన్నెండు... ఇదేంది?"

"ఎత్తినకొద్ది పోగులు పారిపోతానయి కాక. ఇంకింత ఎత్తితె మోకంత లావుతోటి ఒక్కటే మిగుల్తది. దాన్ని పట్టుకొని పాలకుర్తి గుట్ట ఎక్కచ్చు."

"ఏశాలెయ్యకు!"

"ఎత్తు, ఎత్తు... అగో, అంచు మీది పువ్వు తలకిందులైంది! పువ్వు తలకిందులు నేసిండని గూడ రాసుకో."

"మెల్లగ! బయట అందరు ఇంటాన్రు."

"ఇననీ. ఇప్పుడు స్కేలు అద్దం కింద, బట్ట మీద పెట్టు. పోగులతోపాటు అది గూడ లావైతది. పెట్టు, భయమా?"

"నాకేం భయం... ఇగో. పది... ఇరవై... ముప్పై..."

"గట్టిగ, కాక. బయటికి ఇనవడ్తలేదు."

"...నలభై నాలుగు."

"ఇగ?"

"ఇగా లేదు, గిగా లేదు. స్కేలు మీద పెట్టుడే రూలు."

"ఎవరి రూలు?"

"నా రూలు! ఇప్పుడు ఒప్పుకుంటె దసరా సంది వాపసు పంపినోళ్లంత నా మీద పడరా? ఏం మొఖం పెట్టుకొని కూసుండాలె ఈడ?"

"అయితె రాయి."

"ఏంది?"

"రాయమంటాన. మేము భయపడం."

"రాస్త! 'ఈ తువ్వాల నేసినోనికి పనితనం లేదు. ఇకమీద నూలు ఇయ్యద్దు.' చాల్నా?"

"జర పెద్దక్షరాలు రాయి. సంతకం?"

"చేసిన."

"ముద్ర?"

"ఏసిన! ఇగ పేరు... మొ... గి..."

"ఆగు, ఆగు. మా నాయిన పేరెందుకు రాస్తానవ్?"

"మరి ఎవని పేరు రాయాలె?"

"మా నాయిన బట్ట ఇంక సంచిలనే ఉన్నది. పొద్దటి సంది అద్దంల చూసుడే గని, ఈ తువ్వాలను ఒక్కసారన్న ఉత్త కండ్లతోటి చూసినవా కాక? నువ్వు మగ్గం మీదున్నప్పుడు నీ పెండ్లికి నువ్వే నేసుకున్నవంట. మీ ఇంటామె భాగ్యమ్మ చిన్నమ్మనే పెట్టెల నుంచి తీసిచ్చింది. రాయి, నీ పేరు."