డేగలా కూసిన నల్లపిట్ట

ఆ సెలూన్లో ఉన్నదొక్కటే కుర్చీ. అందులో గడ్డం గీయించుకుంటున్నాయన లేస్తే, తర్వాతి వంతు పెళ్ళికొడుకుది. పదకొండింటికి పెళ్ళి. మాసిన గడ్డంతో వస్తే తన మొహం చూడొద్దని పెళ్ళికూతురు నిన్ననే తెగేసి చెప్పింది. పాపం, బెంచీ మీద అతను కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

అందరికన్నా చివర వచ్చిన రిటైరైన కండక్టరు తనకు ముందు చెయ్యమన్నాడు. వరసలో రావాల్సిందే అన్నాడు షాపాయన. సరేలెమ్మని కండక్టరు గుమ్మానికి ఆనుకుని, తను పెంచిన పిట్ట సంగతి ఎత్తుకున్నాడు.

"తోక చీలిన నల్లపిట్ట. గుప్పెడంత ఉండేది. మిగతా పిట్టలు పురుగులు తింటుంటే చెట్టెక్కి అచ్చం డేగలా అరిచేది. అవి ప్రాణాలు అరచేత పట్టుకుని ఎగిరిపోయేవి, ఇది తాపీగా దిగి వాటి తిండి తినేది. పరాయి గొంతు దానికెందుకంటారా, అందుకే మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను కాస్త తర్ఫీదిచ్చాను. పులిలా గాండ్రిస్తే సంతంతా ఖాళీ, మిఠాయి కొట్టు మొత్తం ఇదొక్కటే ఊడ్చేసింది. ఫైరింజన్‌లా మోగితే బ్యాంకు ఖాళీ, వెళ్ళి మేనేజరు కుర్చీలో కూర్చుంది. అదేం చూశారు, ఓ రోజు స్టేషన్ కప్పు మీద వాలి రైలు కూత కూసింది. జనమంతా సామాన్లతో ఎక్కేసి ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు."

పెళ్ళికొడుకు నిర్ఘాంతపోయాడు. గడియారం సంగతే మర్చిపోయాడు.

"లేని రైలు ఎలా ఎక్కారండీ?" అన్నాడు బెంచీ మీది టైలరు.

"కూత అంత బాగా కూసింది మరి."

కుర్చీలోని ఆయన గడ్డం పని అయిపోయి లేచాడు. సరిగ్గా అప్పుడే కండక్టరు, "ఇక ట్రాఫిక్ పోలీసు ఈల వేసిందంటేనా..." అంటూ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

ఆ వీధిలో బండి ఆపితే ట్రాఫిక్ వాళ్ళు ఎత్తుకుపోతారు. టైలరూ, పక్కనున్న పాలాయనా, అప్పుడే లేచినాయన చెవి పక్క నురగతో సహా, ఎవరి బండి కోసం వాళ్ళు పరిగెత్తారు. షాపాయన కూడా కత్తి చేత్తో పట్టుకునే వీధిలోకి దూకాడు. వీధిలో పోలీసూ లేడు, వ్యానూ లేదు.

వాళ్ళ తిప్పలు చూసి నవ్వుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండానే కండక్టరు వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. కింద మెత్తగా ఎవరో తగిలారు. ఉలిక్కిపడి లేచాడు.

పెళ్ళికొడుకు మెడకు గుడ్డ తనే కట్టేసుకుని ఉన్నాడు.

"నాకు బండి లేదండీ," అన్నాడు. "బస్సులో వచ్చాను బాబాయ్."