ఊ కొట్టేంత జాగా

కాదమ్మా, గోడ వైపు తిరిగి కూర్చుంటే అది దొరుకుతుందా? గోడలో లేదు. మంచం కింద లేదు. పొద్దుటి నుంచి నువ్వు వెతికిన చోట్లన్నీ ఖాళీ. ఆ ట్యాబ్ ఇంట్లోనే లేదనుకో, స్నిగ్ధా. కాకి ఎత్తుకుపోయిందనుకో, సరేనా?

ఇటు చూడు. అమ్మను. ఇంత పెద్ద ముఖం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను కదా, ఇటు చూడటానికేం?

అయ్యో, ఆ చెయ్యి దించు తల్లీ. నా చెంప మీద వేలు పెట్టి, ట్యాబ్‌లో బొమ్మను జరిపినట్టు పైకి తోస్తే నేను మారిపోను. ఇంకో అమ్మ రాదు. ఎన్నిసార్లు తోసినా కిందినుంచి వచ్చేది ఈ అమ్మే.

మొన్న బడిలోనూ ఇదే పని చేశావు. ఆ ప్రిన్సిపాల్ మేడం ఎంతో ముద్దుగా వంగి, "నీ పేరేమిటి బంగారం?" అని అడిగితే, ఆవిడ బుగ్గ మీద వేలు ఆనించి పైకి తోశావు. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. బయటికొచ్చి నాచారం చౌరస్తాలో ఆటో ఎక్కాక ఏడ్చాను. ఆటో అతను అద్దం పక్కకు తిప్పుకున్నాడు, పాపం, ఏమనుకున్నాడో! "మాటలు వచ్చాక తీసుకురండి" అన్నారు వాళ్ళు. మాటలు వచ్చాక! మాటలేమైనా మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగుతాయా, ఎదురెళ్ళి తెచ్చుకోవడానికి?

నాలుగేళ్ళు నిండాయి నీకు. తోటివాళ్ళు కథలు చెప్పించుకుంటున్నారు, కయ్యాలు పెట్టుకుంటున్నారు, అబద్ధాలు కూడా చెబుతున్నారు. నువ్వొక్క అబద్ధం చెప్పినా చాలు, మిఠాయి పంచిపెడతాను.

హబ్సిగూడ డాక్టరమ్మ నీ చెవులు చూసింది, నాలుక చూసింది, అన్నీ బాగానే ఉన్నాయంది. తెర చూడటం తగ్గించండి, ఇంట్లో పాపతో బాగా మాట్లాడండి అంది. మాట్లాడటమేనా! నేను చేసే ఉద్యోగమే అది కదా అనుకున్నాను. ఇడ్లీ పెడుతూ మాట్లాడాను. జడ వేస్తూ మాట్లాడాను. స్నానాల గదిలో, మేడ మీద బట్టలారేస్తూ, గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాను. నువ్వేమో, వానకు చూరు కింద నిలబడ్డ మేకపిల్లలాగా, ఎప్పుడు వెలుస్తుందా అని చూశావు.

కింది వాటాలో పాపమ్మ ఆంటీ నిన్న మెట్ల మీద ఆపింది నన్ను. "ఏందమ్మా అమృతా, పిల్ల గిట్ల బొమ్మ లెక్క సూస్తది? మా జెన్నిఫర్ అయితే మాటలు రాకముందుకెల్లే మస్తు లొల్లి జేసేది. జర ఫికర్ జేయకు, చర్చిల పేరు జెప్పి ప్రార్థన జేయిస్త" అంది. మంచి మనిషి. అయినా ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

మీ నాయనమ్మ కాప్రా నుంచి ఫోన్ చేసి ఏమందో తెలుసా? "తల్లి నోరు లోకమందరికి, పిల్ల నోటికి తాళం. గిదేం సంసారం బిడ్డా?" అంది. ఏం చెప్పను? ఆవిడ అన్నది అబద్ధమా?

ఇక మీ నాన్న! కదిపితే చాలు, "వస్తయిలే, మా మేనమామకు బడికి పోయినంకనే వచ్చినయి" అంటూ రైల్వే డ్యూటీ సంచి భుజానికి తగిలించుకుంటారు. రైళ్ళు ఆలస్యమైతే అంత కంగారు పడే మనిషికి, కూతురి మాటలు ఆలస్యమైతే అంత నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుందో!

ఉండు, కిటికీ వేస్తాను. జవహర్‌నగర్ చెత్తగుట్టల కంపు గాలి ఇటు తిరిగింది.

ఆఁ, ఏమంటున్నాను... లోకమందరికీ నోరు. అవును. తెరలో గంతులేస్తూ కథలు చెప్పే పిచ్చుకక్క ఉంది కదా, ఆ గొంతు నాదే. నీకు తెలియదు. "అక్క, అక్క" అని తెరకు ముద్దులు పెడతావే, అది నన్నే, తల్లీ. నీకొచ్చిన ఒకే ఒక్క మాట నాకే దక్కింది. కాని నీకు అమ్మనని తెలియకుండా దక్కింది. నవ్వాలా, ఏడవాలా?

నాచారం ఫ్యాక్టరీల వీధిలో, ప్లాస్టిక్ బకెట్ల గోదాం పైన, గోడలకు స్పంజి అంటించిన గది మా స్టూడియో. లారీ వస్తే ఆగాలి, లారీ పోయాక మళ్ళీ మొదలుపెట్టాలి. అక్కడ నిలబడి చెబుతాను మా అమ్మమ్మ కథలన్నీ. స్టూడియోకు వెళ్ళలేని రోజు ఇక్కడే, దుప్పటి కప్పుకుని చెబుతాను. అప్పుడు నీ చప్పుడు అడ్డం రాకూడదని నీ చేతిలో ఏం పెట్టాను? పిచ్చుకక్కనే. నా గొంతు నిన్ను ఊరుకోబెడుతుంటే, నా గొంతును నేను అమ్ముకున్నాను. ఏ రాక్షసి కథలోనైనా విన్నామా ఇలాంటిది?

మా అమ్మమ్మ ఎలా చెప్పేదో తెలుసా? తాతయ్యకు ఇక్కడి సైన్సు ల్యాబులో ఉద్యోగమొస్తే బాపట్ల నుంచి ఇక్కడికి వచ్చింది ఆవిడ, మూటలో బట్టలకన్నా కథలే ఎక్కువ. ఒక్కో మాట చెప్పి ఆగేది. మనం "ఊ" అనాలి. అంటేనే తరువాతి మాట. అనకపోతే, "అదుగో, నువ్వు ఊ కొట్టలేదు, పిల్లి ఎండలో నిలబడిపోయింది. దాని కాళ్ళు కాలుతున్నాయే!" అనేది. ఆ పిల్లి కాళ్ళ మీద జాలితో నిద్రలో కూడా ఊ కొట్టేదాన్ని నేను.

స్టూడియోలో మొదటిరోజు అలాగే చెప్పాను. ఒక మాట, కాసేపు ఆగడం. ఎడిటర్ ఎబినేజర్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, "మేడం, గీడ సప్పుడేం లేదు, నిద్రవోయిన్రా?" అన్నాడు.

"పిల్లలు ఊ కొట్టడానికి జాగా తమ్ముడూ" అన్నాను.

పడీపడీ నవ్వాడు. "జాగా దొరికితే పిల్లగాండ్లు ఊ గొట్టరు మేడం, యేలు వెట్టి పైకి నూకేస్తరు. మీరు జర ఆగిన్రంటే ఆళ్ళు ఇంకో బొమ్మకాడికి వోయిన్రన్నట్టే" అన్నాడు. ఊ కొట్టే జాగాలన్నీ కత్తిరించేశాడు. తరువాత నా ఊపిరి చప్పుళ్ళు కూడా తీసేశాడు. పిచ్చుకక్క ఊపిరి పీల్చుకోదు, ఎప్పుడైనా గమనించావా?

నేనూ నేర్చుకున్నాను మరి. "మీ రికార్డింగుకు కత్తెరే అక్కర్లే మేడం" అంటాడిప్పుడు. ఆ మాటకు గర్వపడి ఇంటికి మైసూర్‌పాక్ తెచ్చాను, సిగ్గులేనిదాన్ని.

మొన్న ఉప్పల్ బస్టాపులో ఒకావిడ ఫోన్‌లో నన్ను పెట్టి పిల్లవాడికి ముద్దలు పెడుతోంది. వాడు నోరు తెరుస్తాడు, మింగుతాడు, తెరుస్తాడు. చప్పుడన్నది లేదు. "ఈ అక్క లేకపోతే మావాడికి ముద్ద దిగదండీ" అంది నాతోనే, మురిసిపోతూ. ఏదో చెప్పబోయాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

సరే, ఇవన్నీ నీకెందుకు? కథ చెబుతాను, రా. బొమ్మల్లేవు, పాటల్లేవు, ఉత్త అమ్మ. నన్ను అమ్మా అని పిలవొద్దు, నీ పేరు చెప్పొద్దు. ఒక్క ఊ చాలు నాకు. ఒక్కటి.

అనగనగా ఒక పిల్లి. దానికి మీసాల్లేవు. ఊ అను. మీసాల్లేని పిల్లిని చూసి ఎలుకలు కూడా నవ్వుతున్నాయి, ఊ అనమ్మా, అప్పుడది మొక్కజొన్న చేలోకి పోయి, "కంకి బావా, కంకి బావా, నీకిన్ని మీసాలున్నాయే, నాకో నాలుగు ఇవ్వవా?" అంది. ఎంత తెలివైన పిల్లో చూడు! అనవూ? కంకి బావ ఏమన్నాడు? "ఇస్తాను గాని, నా గింజ ముదిరేదాకా ఎండలో కాచుకో" అన్నాడు. పిల్లి నిలబడింది. కాళ్ళు కాలుతున్నాయి, పాపం కదూ, ఒక్కసారి ఊ అంటే నీడకు పోతుంది కదూ, అను స్నిగ్ధా, నీ కాళ్ళు పట్టుకుంటాను, అను...

ఏమిటలా చూస్తున్నావు? నా కళ్ళకేసి కాదు. నా నోటికేసి చూస్తున్నావు.

ఉండు. ఇప్పుడే, "పాపం కదూ" అన్నప్పుడు, నీ పెదవులు సున్నాలా చుట్టుకున్నాయి. ఎలుకలు నవ్వుతున్నాయి అన్నప్పుడు కూడా చుట్టుకున్నాయి. నేను చూశాను. చూస్తూనే దాని మీద ఇంకో మాట వేసేశాను. నువ్వు మూసేసుకున్నావు.

నీకు రాకనా ఇన్నాళ్ళూ? నేను రానివ్వకనా?

ఎక్కడైనా ఆగానా నేను? ఆకలేస్తోందా అని అడుగుతాను, వేస్తుందిలే అని నేనే అంటాను. నిద్రొస్తోందా అంటాను, వస్తోంది పాపం అంటాను. ఎబినేజర్‌ను తిట్టుకున్నాను గాని, వాడి కత్తెర నా గొంతులోకి వచ్చి కూర్చుందని నాకేం తెలుసు?

సరే. ఆగుతాను. ఇదిగో, పిల్లి ఎండలో నిలబడింది.

...

భయంగా ఉంది, స్నిగ్ధా. నేనిలా ఊరుకుంటే నువ్వు నన్ను వదిలేసి పోతావేమోనని... చూశావా! మళ్ళీ మాట్లాడాను. నీ నోరు తెరుచుకుంటోంది, కళ్ళారా చూస్తున్నాను, అయినా మాట్లాడాను.

నాకు ఆగడం రాదు, తల్లీ. అదీ సంగతి. డాక్టరమ్మకు చెప్పలేను. మీ నాయనమ్మకు అసలే చెప్పలేను. నీకు మాటలు రావని ఊరంతా తిప్పాను నిన్ను, బడికి, ఆసుపత్రికి. వైద్యం కావలసింది నా నోటికి.

చెయ్యి ఇలా ఇవ్వు. రెండోది కూడా. నా నోటి మీద పెట్టు. గట్టిగా మూసెయ్యి. ఇంకా గట్టిగా, నాకేం నొప్పి లేదు. ఇక నువ్వు తీసేదాకా నేను ఒక్క మా