గాయాలు మాన్పే మనిషి

దయావతి రెండోసారి పోయింది శుక్రవారం మధ్యాహ్నం, జెద్దాలోని ఫ్లాట్‌లో, కంప్యూటర్ తెర మీద. ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఆమె ఒక పాత మాయలోకపు కంప్యూటర్ ఆటలో గాయాలు మాన్పే మనిషికి తన పేరే పెట్టుకుంది. ఆమె సగంలో వదిలిన ఆటను పూర్తిచేయాలని భర్త కూర్చున్నాడు. కూతురు వెనక నిలబడి చూసింది.

"అమ్మని ముందెందుకు నిలబెట్టావు నాన్నా? కత్తులున్నవాళ్లు ఏం చేస్తున్నారు, కబుర్లాడుకుంటున్నారా?"

"ఇంట్లో అన్నిటికీ తనే ముందుండేది. ఇక్కడా అంతే అనుకున్నాను."

"పోనీ, అమ్మ బతికున్నప్పటి పాత సేవ్ ఉందా?"

"తను పోయాక దాని మీదే మళ్లీ సేవ్ చేసేశాను."

"దేవుడా! లే, నేనాడతా."

"ముట్టుకోకు! ఇదేం ఆటే? ఎలకల చేతిలో చావడం, సంచులు సర్దుకోవడం. ఒక్కరోజన్నా సరదా పుట్టలేదు. మీ అమ్మకి ఇందులో ఏం కనిపించిందో!"

"డ్యూటీ నుంచొచ్చి ఆడుకునేటప్పుడు ఒక్కసారి పక్కన కూర్చుని ఉంటే తనే చెప్పేది."

అతను మౌసు వదిలేశాడు.

"సరేలే నాన్నా, ఈ ఆటలో ఊళ్లో గుడి ఉంది, అమ్మని అక్కడికి మోసుకెళ్లు. కానుకిస్తే పూజారి బతికిస్తాడు."

"ఎవరినైనా?"

"ఎవరినైనా."

"ఐసీయూ బయట మోకాళ్ల మీద పడి ఏడిస్తే లేవని మనిషి, ఇక్కడ కానుకిస్తే లేస్తుందా? అంత తేలికా? నేను తీసుకెళ్లను!"

"అరవకు నాన్నా."

"అరుస్తాను!"

ఆట అక్కడే ఆగి ఉంది. దయావతిని అతను ఇంకా గుడికి తీసుకెళ్లలేదు.