అంబాసిడరు పుష్కర తానం

పొద్దుగాల ఏడయితాంది, మబ్బు పట్టి సన్న తుంపర పడుతాంది, నువ్వేమో కొంగు నడుముకు చెక్కి కారు కడగవట్టినవ్. కడుగు బిడ్డా, వద్దంటలేను. కానీ శైలజా, ఆ చేతిలది ఏందే? గిన్నెలు తోమే పీసా? కింద పెట్టు తల్లీ. మొన్న కొన్న కారు, నీ మొగుడు కృష్ణకాంత్ చూస్తే ఏమంటడో గనీ, వాళ్ల తాత గాలయ్య బతికుంటే నిన్ను బస్సెక్కిచ్చి మోత్కూర్ల మీ అమ్మగారింట్ల దింపి వచ్చేటోడు. నవ్వకు. నన్ను ఒకపాలి నిజంగనే పంపిండు. ఏం జేసిననంటవా? ఆయన అంబాసిడరు బానెట్ మీద వడియాలు ఎండేసిన. ఉత్తగ కాదు, చీర పరిచి మరీ ఎండేసిన. అయినా పంపిండు. వారం ఉన్న మా అమ్మ కాడ.

గాలయ్య అంటే మా మామ. నువ్వు చూడలే. ఫోటోల ఉంటడు గద, నడుమ కారు, అంచుకు మేము. ముప్పై ఏండ్లు సర్కారు కారు నడిపిండు. వెనక సీట్ల ఎంతమంది సార్లు మారిన్రో, ముందట సీటు మాత్రం ఆయనదే. రిటైరయిన్నాడు ఆఫీసోళ్లు శాలువ కప్పి గోడ గడియారం ఇచ్చిన్రు. ఆయన కన్ను గడియారం మీద లేదు, షెడ్డుల మూలకు పడ్డ పాత అంబాసిడరు మీద ఉండె. వేలంల పాడి తెచ్చుకుండు. దేవరకొండల పెయింటరు పక్కన రెండు నెలలు కూసోని రంగేయిచ్చిండు, మీగడ రంగు. ఆ రంగు ఆరేదాక మమ్ముల వాకిలి ఊడ్వనియ్యలే, దుమ్ము లేస్తదని. పక్కింటోళ్లనూ ఊడ్వనియ్యలే. మా గల్లీ మొత్తం పదిరోజులు చెత్తల బతికింది.

ఎట్ల కడిగేటోడంటవా? చెప్త విను, నీకు పనికొస్తది. మొదలు ముట్టుకోవద్దు. ఉత్త నీళ్లు పైకెళ్లి సన్నగ ఇడవాలె, దుమ్ము దానంతట అది దిగాలె. ‘దుమ్మంటే దుమ్ము కాదే అండాలూ, గరుకు కాయితం. దాని మీద గుడ్డ పెట్టి రుద్దినవంటే రంగును గీకినట్టే’ అని నాతోని అనేటోడు. ఎండల కడగొద్దు, సబ్బునీళ్లు రేకు మీదనే ఎండి మరక పడతది. రెండు బకెట్లు పెట్టాలె, ఒకదాంట్ల సబ్బునీళ్లు, ఇంకోదాంట్ల గుడ్డ జాడిచ్చే నీళ్లు. గిన్నెల సబ్బు పేరెత్తొద్దు. బండ్లకు వేరే షాంపూ ఉంటది, హైదరాబాదుకెళ్లి తెప్పిచ్చేటోడు. మా తలలకు కుంకుడుకాయలే. నెత్తికెళ్లి కిందికి, నిలువుగ తుడవాలె. టైర్లు ఆఖరుకు, వాటి గుడ్డ వేరు. గుడ్డలంటే ఏం గుడ్డలనుకున్నవ్? మా అత్త గోపమ్మ నూలు చీరెలు. చినిగినయి కాదు. ఏండ్లు కట్టీ ఉతికీ మెత్తబడి, ఒంటికి హాయిగున్నది అనిపిచ్చే రోజుకు ఆ చీర బండికి పోయేది. మా అత్త వాకిట్ల గద్దె మీద కూసోని రాగం తీసేది: ‘నలభై ఏండ్లాయె కాపురం చెయ్యవట్టి. నా ఈపు ఒక్కనాడన్న రుద్దినవా? దాని ఈపు మూడొద్దులకోపాలి రుద్దుతవ్.’ ఆయన తల ఎత్తకుండనే ‘నీకు రంగు పోయే భయం లేదు గదనే’ అనేటోడు. అటెంక రెండు రోజులు మా అత్త కూరల ఉప్పెయ్యకపోయేది. ఆయనకది ఎరికనే కాకపోయేది.

ఇగ నీళ్ల సంగతి. మన బోరు నీళ్లు ఎరికే గద, బకెటు అడుగుకు సున్నమేసినట్టు తెల్లగ కడతయ్. బండి మీద ఆరితే చుక్కకొక్క మరక. అందుకని ఫిల్టరు నీళ్ల డబ్బాలు తెప్పిచ్చేటోడు. బండికి. మేము బోరువే తాగేది, పిల్లల పండ్లకు గార పడుతున్నా. మా ఇంటాయన ఒకనాడు ధైర్యం జేసి అడిగిండు: ‘బాపూ, ఆ డబ్బాలకెళ్లి ఒక్క చెంబెడు పిల్లలకు పోద్దామా?’ అని. ‘పిల్లలయి పాలపండ్లు రా, ఊడి మళ్లొస్తయ్. రంగు పోతే మళ్లొస్తదా?’ అన్నడు. మా ఇంటాయన చెంబు లోపల పెట్టి వచ్చిండు.

ఆఁ, పుష్కరాల కాడికి వస్తున్న. తెలంగాణ వచ్చినంక రెండేండ్లకు కృష్ణ పుష్కరాలు వచ్చినయ్. ఊరూరంత కృష్ణకు కదిలింది. ఎన్నడు గుడి మెట్టెక్కని మా మామ అందరికంటె మొదలు తయారయిండు. ‘ఆఖరికన్న బుద్ధొచ్చింది’ అని మా అత్త మురిసిపోయింది. ఆయన డిక్కీల సర్దిందేంది? రెండు బకెట్లు, మగ్గు, షాంపూ సీస, మెత్త గుడ్డలు. పులిహోర గిన్నె నా ఒళ్లె, పూజ సామాను మా అత్త ఒళ్లె. ఆరుగురం పోయినం. మా మామ, మా అత్త, మా ఇంటాయన, నేను, నీ మొగుడు, మా చిన్నది మనస్విని. గిప్పుడు పదో తరగతి చదువుతున్నది గానీ గప్పుడు ఆరేండ్లది. తొవ్వంత ఒక్కటే మాట ఆయనది: ‘కృష్ణ నీళ్లు తియ్యటి నీళ్లు. మరక పడది.’ పన్నెండేండ్లకోపాలి వచ్చే పుణ్యం, బండికి గూడ దక్కాలె గద.

ఘాటు కాడ మేము మూడు మునకలు మునిగినం. ఆయన మునగలే. ‘ముందుగాల దాని పని కానీ’ అని జనం లేని దిక్కు, ట్రాక్టర్లు కడిగే కాడికి బండి తోలిండు. మనస్విని సలికి వణికి వెనక సీట్ల నిద్రవోయింది. లోపలికి నీళ్లు పడొద్దని అద్దాలు ఎక్కిచ్చిండు, వేలంత సందు ఇడిచి. పోరగాళ్లు వచ్చి తలుపులు తీస్తరని తాళమేసిండు. తాళంచెవి అంగీ జేబుల, అంగీ చెట్టు కొమ్మకు. నేను అక్కడనే ఉన్న. వద్దని అనొచ్చు. అనలే. ఆయన బండి కడుగుతాంటె మా ఇంట్ల ఎవ్వరం మాట్లాడకపోయేది.

పొద్దెక్కింది. ఎండల కడగొద్దు. నీడ ఎక్కడున్నది? నీళ్ల అంచుకు ఒక పెద్ద రాతి గుండు, దాని పక్కన, వాలు జాగల. తాళం తీసి బండిని వెనకకు అక్కడికి దింపి, మళ్ల తాళమేసి చెవి అంగీ జేబులనే పెట్టిండు. చేతి బ్రేకు ఆయన కంటె ముసలిది. గేర్ల పెడితే గేరు నొస్తదట, అందుకని న్యూట్రల్. వెనక టైర్లకు రెండు రాళ్లు. నెత్తి కడిగిండు, బానెట్ కడిగిండు, తలుపులు కడిగిండు. ట్రాక్టరోళ్లు వాళ్ల పని ఇడిచి చూడవట్టిన్రు. ‘పెద్దయ్యా, బాలింత బిడ్డకు పోసినట్టే పోస్తున్నవ్’ అన్నడొకడు. ఎంత మురిసిండో మా మామ. ఆఖరుకు టైర్లు. టైరు కడగాలంటే రాయి అడ్డం. ఒక రాయి తీసిండు, కడిగిండు. మళ్ల పెట్టలే. కడిగిన టైరుకు మట్టి రాయి ఆనిస్తడా? రెండోది తీసిండు.

బండి కదిలింది. చప్పుడు లేదు. నేను మనస్విని గౌను పిండుతున్న.

ట్రాక్టరోళ్లు ఐదారుగురు ఉరికొచ్చిన్రు పట్టుకోనీకి. ఇక్కడొక సంగతి చెప్పాలె నీకు. బండి మీద చెయ్యేసేటోడికి ఉంగరం, గడియారం ఉండొద్దని ఆయన పట్టు, గీత పడతదని. నేను తుడిస్తే నా గాజులకు గుడ్డ చుట్టిచ్చేటోడు. గా మనిషి, బండి నీళ్లలకు జారుతాంటె, అందరికంటె మొదలు ఏమని అరిచిండో ఎరికనా? ‘ఉంగరాలు తియ్యుండ్రి!’ అని. వాళ్లు ఆగిన్రు. ఒక పిలగాడైతే నిజంగనే ఉబ్బిన వేలికెళ్లి ఉంగరం గుంజవట్టిండు. నవ్వొస్తాంది గద? నవ్వు. వేరేటోళ్ల పిల్ల అయితే నాకూ వచ్చేది.

‘పిల్ల’ అన్న నేను.

అప్పుడు చూసిన ఆయన ముఖం. మరిచిపోయిండు శైలజా. లోపల పిల్లున్నదని మరిచిపోయిండు. నీళ్లు తలుపు సగానికి వచ్చినయ్. తాళంచెవి చెట్టు మీద. ముసలాయన చేతుల ఉన్న రాయితోని వెనక అద్దం కొట్టిండు. పలగలే. మళ్ల కొట్టిండు. రాయి జారి మీగడ రంగు మీద పడ్డది, లొట్ట పడ్డది, చూడలే. మూడో దెబ్బకు పలిగింది. ఆ పెంకులల్లకెళ్లి చెయ్యి పెట్టి పిల్లను రెట్ట పట్టి గుంజిండు. మా ఇంటాయన అందుకుండు. అది కండ్లు తెరిచి, అద్దం దిక్కు చూసి, ఏమన్నదో తెల్సా? ‘నేను పలగ్గొట్టలే తాతా. నేను కాదు.’ వణుకుతాంది. నీళ్లకు కాదు. ఆయన తిడతడని.

బండి ఇంకింత జారి నీళ్లల ఉన్న ఇంకో గుండుకు తట్టుకొని ఆగింది. ట్రాక్టరోళ్లు గొలుసు తెచ్చి ‘ఎక్కడ కట్టాలె పెద్దయ్యా, రంగు పోతది’ అన్నరు. వాళ్లకూ భయం పట్టుకున్నది అప్పటికి. ఆయన అటు తిరిగి కూసోనే ‘ఎక్కడన్న కట్టుండ్రి’ అన్నడు. బంపరుకెళ్లి తలుపు దాక గీక్కుంట ఎల్లదీసిన్రు. ఆయన చెయ్యి కోసుకపోయి నెత్తురు కారుతాంటె మా అత్త కట్టుకున్న కొత్త చీర కొంగు పర్రున చింపి కట్టింది. ఆయన దిక్కు చూడకుంటనే కట్టింది. ‘ఇంకన్న మునుగు’ అన్నది. మునగలే.

బండి నడవదాయె, అక్కడనే ఇడిచి బస్సుకు వచ్చినం. మనస్విని నా ఒళ్లెనే, దించలే. సీటు లేక ఆయన కమ్మి పట్టుకొని నిలబడ్డడు. ఎవరో పిలగాడు లేసి ‘కూసో తాతా’ అంటె వద్దన్నడు. దిగినంక మన దర్వాజ కాడ నిలబడి పైకే లెక్కవెట్టిన, ఆయన ఇనాలని. అత్తమ్మ. మా ఇంటాయన. కృష్ణకాంత్. మనస్విని. నేను. ఐదుగురం ఇల్లు చేరినం అన్న. ‘ఆరుగురం గదనే’ అన్నది మా అత్త. నేను లోపలికి పోయిన. ఆయన తడి ధోతి తోనే బయట గద్దె మీద కూసున్నడు. తరువాత రెండేండ్లు బతికిండు. నా చేతి బువ్వనే తిన్నడు. ఆ లెక్క నేను దిద్దలే, ఆయన అడగలే.

గిప్పుడు లెక్కవెడుత, విను. అత్తమ్మ వచ్చింది. మా ఇంటాయన వచ్చిండు. కృష్ణకాంత్ వచ్చిండు. మనస్విని వచ్చింది. నేనొచ్చిన. మా మామ వచ్చిండు. ఆరుగురం.