కళ్ళజోడక్క తుడిచిన అద్దాలు

సభకి ఎంతమందొచ్చారంటున్నాడు ఆ ఫోనులో? లక్షా? ఉండరా, కాస్త నవ్వనీ. మా కళ్ళజోడక్క గుర్తొచ్చింది. నీకు తెలీదులే, మీ నాన్న కూడా పుట్టలేదప్పటికి. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం దొరక్క నేనప్పుడు ఒక పేపరుకి ఊరి వార్తలు రాసేవాణ్ణి. రాసేది నేను, సున్నాలు చేర్చేది ఆఫీసువాళ్ళు. మూడొందల మంది అని పంపిస్తే అచ్చులో ముప్ఫైవేలయ్యేవారు. ఏం చెప్తున్నాను? ఆ, అక్క. మా వీధి చివర కవర్లు అంటించే కార్ఖానా ఉండేది. పొడుగాటి గది, నేలమీద చాపలు, జిగురు బకెట్లు, పాతికమంది ఆడవాళ్ళు. అందరి చేతులూ జిగురే, ఇక వార్తల పేపరు పట్టుకుని చదివేదెవరు? అక్కకేమో ఆ జిగురు పడక వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. అందుకని ఆవిణ్ణి స్టూలు మీద కూచోబెట్టి, "నువ్వు చదువు తల్లీ, నీ వంతు కవర్లు మేం తలా కాసిని అంటిస్తాం" అన్నారు. అదే ఆవిడ బతుకుతెరువు. పేపరు మాత్రం యజమాని తెచ్చేవాడు, నేను రాసేదే. ఎన్నికల్లో నిలబడ్డది ఆయన బావమరిది మరి, మా పేపరు అతని భజనే చేసేది.

ఓ రోజు అతని సభకి ముప్ఫైవేల మంది అని అక్క చదివింది. నా వార్త వింటున్నారు కదా అని గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాను. అక్క ఆగి, కవర్లు అంటించేవాళ్ళలోనే ఉన్న కుర్చీలు అద్దెకిచ్చేవాడి భార్య వంక చూసి, "కుర్చీలు మీవేనా అమ్మా?" అంది. "మావే అక్కా. మూడొందలు వేశాం. వందకి మడత కూడా విప్పలేదట." గది గదంతా ఒకటే నవ్వు. యజమాని వచ్చి, "ఉన్నదున్నట్టు చదువు, ప్రశ్నలొద్దు. మా వీధి ఓట్లు మావాడికి పడలేదో, నువ్వు మళ్ళీ జిగురు దగ్గరికే" అన్నాడు. "సరే అయ్యగారూ" అంది. ఆ తర్వాత ఒక్క ముక్క అదనంగా అంటే ఒట్టు. ఇంటింటికీ కుళాయిలొచ్చాయని చదివేది, కళ్ళజోడు తీసేది, కొంగుతో నిదానంగా తుడిచేది. ఆ కాసేపట్లో, పొద్దున్నే బిందెలు మోసొచ్చిన వాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు.

బావమరిది ఓడిపోయాడు, మా వీధిలో అయితే చిత్తుగా. మర్నాడు అక్క స్టూలు ఎక్కకుండా జిగురు దగ్గరే కూచుంది. యజమాని చంకలో పేపరుతో వచ్చి, "కానీ, ఇవాళ్టిది చదివేసి దిగు" అన్నాడు. ఓటమి కాదు, నైతిక విజయం అని చదివింది. కళ్ళజోడు తీసింది. ముందు నవ్విందెవరనుకున్నావు? ఆయనే. స్తంభం పట్టుకుని నవ్వుతూ, "నీ తుడుపు చూసీ చూసీ నేనూ వాడికి ఓటు వెయ్యలేకపోయానమ్మా. మా ఆవిడ చెవిన పడనీకండి" అన్నాడు. ఆ మర్నాటి నుంచి అక్కని స్టూలు మీదే ఉంచి, అవతలి పార్టీ పేపరు కూడా తెప్పించాడు. పాపం, అక్కకి రోజంతా అద్దాలు తుడుచుకోవడమే సరిపోయింది. నేనా? బళ్ళో లెక్కల మాస్టారుగా చేరిపోయాను, అక్కడైతే సున్నాలు నా అదుపులో ఉంటాయని.

అవునూ, ఆ లక్ష మంది సభకి నువ్వూ వెళ్ళొచ్చానన్నావు కదూ? ఏదీ, ఆ గుడ్డ ఇలా అందివ్వు. నా కళ్ళజోడు అద్దాలు మసకేశాయి.